అనువాద నవలల తొలి ముద్రణలు: ఉత్తరాంధ్రలో సేకరించవలసినవి

యెవ్గెనీ జమ్యాతిన్ రాసిన ‘వి’ (మేము) నవలకు తొలి ముద్రణ కావాలనుకునే సేకర్త వెతకవలసింది రష్యన్ పుస్తకాన్ని కాదు. రష్యన్‌లో రాసిన ఆ నవల అచ్చుకు సోవియట్ అధికారులు అనుమతి ఇవ్వలేదు. అందువల్ల అది మొట్టమొదట పుస్తకరూపంలో వచ్చింది 1924లో న్యూయార్కులో, గ్రెగరీ జిల్‌బూర్గ్ చేసిన ఇంగ్లీషు అనువాదంగా, ఇ.పి. డటన్ సంస్థ ప్రచురణగా. పూర్తి రష్యన్ పాఠం పుస్తకంగా రావడానికి 1952 దాకా ఆగవలసి వచ్చింది. అదీ న్యూయార్కులోనే. అప్పటికి రచయిత పారిస్‌లో కన్నుమూసి పదిహేనేళ్లయింది. పాస్తర్నాక్ ‘డాక్టర్ జివాగో’ కథా ఇలాంటిదే: 1957లో మిలాన్‌లో ఫెల్త్రినెల్లి ప్రచురించిన ఇటాలియన్ అనువాదమే దాని తొలి ముద్రణ. మూలం ముందు, అనువాదం తరువాత అన్న క్రమం ఇరవయ్యో శతాబ్దపు నవలల విషయంలో చాలాచోట్ల తలకిందులవుతుంది. ఆ శతాబ్దపు సెన్సారు, ప్రవాసం, యుద్ధం అన్నీ పుస్తకాల ముద్రణ చరిత్రలో నమోదై ఉన్నాయి.

అయినా పాత పుస్తకాల లోకంలో అనువాదాల తొలి ముద్రణలకు దక్కే గౌరవం తక్కువే. మూలభాషలో వచ్చిన మొదటి ప్రతికి లక్షలు పలికేచోట, అదే నవల మరో భాషలో మొదటిసారి అచ్చయిన ప్రతిని నకలుగా చూసి పక్కన పెడతారు. ఈ చూపు సరైనది కాదు. ఒక పుస్తకం ఒక భాషలోకి ఏ రోజున, ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పగలిగిన సాక్ష్యం ఆ అనువాదపు తొలి ముద్రణ ఒక్కటే. ఆ తరువాతి ముద్రణల్లో ముందుమాటలు మారతాయి, అట్టలు మారతాయి, కొన్నిసార్లు పాఠమే మారిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పుస్తకాలు పోగుచేసేవారికి ఈ విషయం మరీ ముఖ్యం. ఎందుకంటే ఇక్కడి ఇళ్లలోనూ గ్రంథాలయాల్లోనూ మిగిలి ఉన్నవీ, ఏటేటా నశిస్తున్నవీ ఎక్కువగా అనువాదాలే.

పాఠం మారిపోవడం అంటే ఏమిటో కాఫ్కా ‘ది కాజిల్’ చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1924లో కాఫ్కా చనిపోయేనాటికి అతని మూడు నవలలూ అసంపూర్తిగా, చేతిరాత కాగితాల్లోనే ఉండిపోయాయి. మిత్రుడు మాక్స్ బ్రాడ్ వాటిని పరిష్కరించి 1925లో ‘ది ట్రయల్’ను, 1926లో ‘ది కాజిల్’ను, 1927లో ‘అమెరికా’ను జర్మన్‌లో వరుసగా అచ్చువేయించాడు. అసంపూర్తి నవలను పాఠకులు ఆదరించరేమో అన్న భయంతో, ‘ది కాజిల్’ చివరి అధ్యాయాలను చాలావరకు వదిలేసి, కథ ఒక చోట ఆగినట్టు కనిపించేలా కూర్చాడు. విల్లా మ్యూయిర్, ఎడ్విన్ మ్యూయిర్ దంపతులు ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ కూర్పునే. 1930లో లండన్‌లో మార్టిన్ సెకర్ దానిని ప్రచురించాడు. తరువాతి కాలంలో బ్రాడ్ తాను వదిలేసిన భాగాలను జర్మన్ కూర్పుల్లో చేర్చాడు. ఇంగ్లీషులోనూ ఆ భాగాలు మరో ఇద్దరు అనువాదకుల చేత చేయించి, మ్యూయిర్ల అనువాదానికి జోడించారు. 1982లో మాల్కమ్ పాస్లీ చేతిరాత ప్రతిని ఆధారం చేసుకుని జర్మన్ పాఠాన్నే తిరిగి పరిష్కరించాడు.

దీనివల్ల తేలేదేమిటంటే, ముఖపత్రం (లోపల పుస్తకం పేరు అచ్చయిన పుట) మీద మ్యూయిర్ల పేరు ఉన్న ప్రతులన్నీ ఒకే పుస్తకం కావు. 1930 నాటి ప్రతిలో ఉన్నది తక్కువ పాఠమే. కానీ 1930లలో, 1940లలో భారతదేశంలో ఇంగ్లీషు ద్వారా కాఫ్కాను చదివినవారికి అందింది ఆ తక్కువ పాఠమే. ఆ తరం తెలుగు రచయితల మీద కాఫ్కా ప్రభావం గురించి మాట్లాడే విమర్శకుడు ఈనాటి సంపూర్ణ ప్రతిని ముందు పెట్టుకుంటే, వారు చదవని పేజీలను వారికి అంటగట్టినవాడవుతాడు. సేకర్త అల్మారాలో పాత ప్రతి ఉంటే ఆ పొరపాటు జరగదు. ‘మెటమార్ఫసిస్’ సంగతి కూడా గుర్తుంచుకోదగినదే. ఇంగ్లీషులో అది విడి పుస్తకంగా వచ్చింది 1937లో, ఎ.ఎల్. లాయిడ్ అనువాదంగా, లండన్‌లోని పార్టన్ ప్రెస్ అనే చిన్న సంస్థ నుంచి. జానపద గీతాల సేకర్తగా తరువాత పేరు తెచ్చుకున్న ఆ లాయిడే దాని అనువాదకుడన్న విషయం చాలామంది కాఫ్కా పాఠకులకు తెలియదు.

ప్రూస్ట్ ఫ్రెంచిలో రాసిన బహుసంపుటాల నవల విషయంలో చిక్కు మరో రకం. స్కాట్ మాంక్రీఫ్ ఇంగ్లీషు అనువాదం 1922లో రెండు సంపుటాల ‘స్వాన్స్ వే’తో మొదలైంది. చివరి భాగం చేయకుండానే 1930లో ఆయన మరణించాడు. ఆ భాగాన్ని లండన్‌లో 1931లో స్టీఫెన్ హడ్సన్ అనే కలం పేరుతో సిడ్నీ షిఫ్ అనువదిస్తే, న్యూయార్కులో 1932లో ఫ్రెడరిక్ బ్లాసమ్ అనువదించాడు. అందువల్ల ‘పూర్తి సెట్టు, తొలి ముద్రణలు’ అని ఎవరైనా అమ్మకానికి పెడితే, చివరి సంపుటం ఎవరిదో చూడకుండా కొనకూడదు. రెండు నగరాల సంపుటాలను కలిపేసి ఒకే సెట్టుగా అంటగట్టడం అసాధారణం కాదు.

జాయిస్ ‘యులిసిస్’ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1922లో పారిస్‌లో సిల్వియా బీచ్ నడిపిన షేక్స్‌పియర్ అండ్ కంపెనీ వెయ్యి ప్రతులు అచ్చువేసింది. వాటిలో రచయిత సంతకం ఉన్న వందలో ఒకటి 2009లో లండన్‌లో 2,75,000 పౌండ్లకు అమ్ముడైంది. జీతం మీద బతికే తెలుగు సేకర్తకు అది ప్రదర్శనశాలలో చూడవలసిన వస్తువే. అయితే 1927 నాటి గెయోర్గ్ గోయెర్ట్ జర్మన్ అనువాదం, 1929 నాటి ఫ్రెంచి అనువాదం అంతకన్నా తక్కువ ధరకే దొరుకుతాయి. ఫ్రెంచి అనువాదం ఒగుస్త్ మొరెల్ పేరుతో వచ్చినా, స్టూవర్ట్ గిల్బర్ట్ దానికి సాయపడ్డాడు. వలెరీ లార్బో, జాయిస్ కూడా దానిని సరిచూశారు. రచయిత స్వయంగా చెయ్యి పెట్టిన అనువాదానికి నకలు అన్న మాట వర్తించదు.

విజయనగరం ఈ పుస్తకాల ప్రయాణానికి దూరంగా ఉన్న ఊరేమీ కాదు. మాక్స్ ముల్లర్ పరిష్కరించిన ఋగ్వేద సంహిత రెండవ కూర్పు 1890-92 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువడినప్పుడు దాని ఖర్చు భరించింది విజయనగరం మహారాజా ఆనంద గజపతిరాజు. ఆ సంపుటాల ముఖపత్రాల మీద ఈ సంస్థానం పేరు ఉంటుంది. 1879లో కళాశాలగా ఎదిగిన మహారాజా కళాశాల వల్ల ఇంగ్లీషు పుస్తకాలు ఈ ఊరికి క్రమంగా వచ్చేవి. పలు ఐరోపా భాషలు తెలిసిన రోణంకి అప్పలస్వామి ఆ కళాశాలలో ఇంగ్లీషు బోధించారు. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు), కవి శ్రీరంగం నారాయణబాబు, రోణంకి కలిసి మెలిగిన విజయనగరంలో ఐరోపా సాహిత్యంలోని కొత్త పోకడల గురించి చర్చ ఉండేది. ఆ పోకడలను వారు పత్రికల సమీక్షల ద్వారానే కాక, పుస్తకాలు చేతబట్టుకుని చదివి తెలుసుకున్నారు. ఆ పుస్తకాలు ఏవి, వాటిలో ఎన్ని మిగిలాయి అన్నది ఇప్పటికీ ఎవరైనా పూనుకుని పరిశీలించవలసిన విషయం.

శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి 1950ల తొలినాళ్లలో రాసిన ‘అల్పజీవి’ నవలను తెలుగులో చైతన్య స్రవంతి (పాత్రల మనసులో ఆలోచనలు పారే తీరునే కథగా చెప్పే) పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటిగా విమర్శకులు చెబుతారు. ఆ పద్ధతికి పేరుపొందిన జాయిస్ మనకు ప్రధానంగా ఇంగ్లీషులోనే అందాడు. అంటే ఉత్తరాంధ్రలో ఆధునికతావాదపు తొలి అడుగులు అర్థం కావాలంటే తెలుగు పుస్తకాలతోపాటు, అప్పట్లో ఇక్కడ చదివిన ఇంగ్లీషు ప్రతులు కూడా చూడాలి. ఫ్రెంచి, జర్మన్, రష్యన్ నవలలకు ఇంగ్లీషు అనువాదాలు, వాటి చవక ముద్రణలు, 1950లలో పెంగ్విన్ వేసిన పలుచటి అట్టల పుస్తకాలు అందులో భాగం. అవి తొలి ముద్రణలు కాకపోవచ్చు. అయినా ఒక ప్రతి మీద కళాశాల గ్రంథాలయ ముద్ర ఉండి, అది ఏ సంవత్సరంలో చేరిందో తెలిస్తే, ఆ ప్రతికి ఈ ప్రాంతపు పాఠక చరిత్రలో చోటుంది. లండన్ వేలంలో దానికి విలువ లేకపోవడం ఇక్కడి సేకర్తను ఆపనక్కర్లేదు.

తొలి ముద్రణ ఎందుకు ముఖ్యమో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. విజయనగరంలోనే పుట్టిన ‘కన్యాశుల్కం’ 1897 కూర్పు ఒకటి, 1909 కూర్పు మరొకటి. గురజాడ రెండవసారి దాదాపు కొత్త నాటకమే రాశారు. ఈనాడు ప్రదర్శించేదీ పాఠ్యపుస్తకాల్లో చేరేదీ రెండవదే. 1897 పాఠం లేకుంటే ఆ పన్నెండేళ్లలో రచయిత ఎంత దూరం నడిచారో తెలియదు. నవలానువాదాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక తెలుగు అనువాదం రెండవ ముద్రణలో భాష మార్చారా, కొన్ని పుటలు తగ్గించారా, ఇంగ్లీషు మూలం ఏ కూర్పు అన్న ప్రశ్నలకు మొదటి ప్రతి లేకుండా జవాబు ఉండదు.

ఇక తెలుగులోకి వచ్చిన నవలల సంగతి. ఇవి మూడు దారుల్లో వచ్చాయి. ఐరోపా నవలల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు మీదుగా వచ్చింది. ఏ ఇంగ్లీషు అనువాదాన్ని ఆధారం చేసుకున్నారో ముఖపత్రం చెప్పదు. ముందుమాటలో ఒక వాక్యం దొరికితే అదే పెద్ద ఆధారం. ఆ వాక్యం ఉన్న పుటను పాత పుస్తకాల్లో చాలాసార్లు చింపేసి ఉంటారు, లేదా బైండింగులో పోతుంది. రెండవ దారి మాస్కో. సోవియట్ ప్రచురణాలయాలు పుస్తకాలను అక్కడే తెలుగులోకి అనువదింపజేసి, అక్కడే అచ్చువేసి ఇక్కడికి పంపేవి. బరంపురంలో పుట్టి, ‘అతడు-ఆమె’ రాసిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో ఆ అనువాద శాఖలో పనిచేశారు. ఆ పుస్తకాల కాగితం, కుట్టు, గట్టి అట్ట మన అచ్చుకన్నా నిలవరం కావడంతో ఇప్పటికీ మంచి స్థితిలో దొరుకుతున్నాయి. అందుకే సేకర్తలు మొదట వాటి వెంటపడతారు. నిజానికి తొందరపడవలసింది వాటికోసం కాదు. గట్టి అట్ట పుస్తకం ఇంకో నలభై ఏళ్లు ఆగగలదు, విజయవాడలోనో మద్రాసులోనో నాసి కాగితం మీద వచ్చిన అనువాదం ఆగదు.

మూడవ దారి పొరుగు భాషలది. ఉత్తరాంధ్రకు ఇది దగ్గరి దారి. సాలూరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కితే కొరాపుట్ జిల్లా. ఆ కొండల్లోని కంధ గిరిజనుల జీవితం మీద గోపీనాథ్ మహంతి ఒడియాలో రాసిన ‘అమృతర సంతాన’ 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. దానిని సాలూరు ప్రాంతంలో పుట్టిన పురిపండా అప్పలస్వామి ‘అమృత సంతానం’గా తెలుగులోకి తెచ్చారు. ఆ నవల ఇంగ్లీషులో అకాడమీ ప్రచురణగా వచ్చేనాటికి తెలుగు అనువాదం వచ్చి దశాబ్దాలు గడిచాయి. అదే రచయిత ‘పరజ’ కూడా ఇంగ్లీషు పాఠకులకు బిక్రమ్ కె. దాస్ అనువాదంలో 1987లో గానీ అందలేదు. అంటే ఒడియా నవలను బయటి లోకం కన్నా ముందే, లోతుగా చదివిన భాషల్లో తెలుగు ఒకటి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి అంతర భారతీయ పుస్తకమాల, సాహిత్య అకాడమీ తెలుగు అనువాదాలు కలిపి చూస్తే, భారతీయ భాషల ఆధునిక నవలకు తెలుగు తొలి ముద్రణలు ఒక గొప్ప వరుసగా కనిపిస్తాయి. ఈ వరుసను మొదటి ముద్రణలతో పూర్తిచేయడం ఈ ప్రాంతపు సేకర్త పెట్టుకోదగిన లక్ష్యం. అది సాధ్యమూ, ఉపయోగమూ కూడా.

తొలి ముద్రణను గుర్తుపట్టడంలో ఇంగ్లీషు పుస్తకాలకూ తెలుగు పుస్తకాలకూ పద్ధతులు వేరు. పాత బ్రిటిష్ పుస్తకాల్లో ముఖపత్రం వెనుక ‘మొదట ప్రచురితం’ అన్న సంవత్సరం మాత్రం ఉండి, తరువాతి ముద్రణల ప్రస్తావన లేకపోతే సాధారణంగా అది తొలి ముద్రణ. ఇటీవలి పుస్తకాల్లో ఒకటి నుంచి పది దాకా ఉండే అంకెల వరుసలో మిగిలిన అతి చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. తెలుగు పుస్తకాలు ఒక విధంగా ఇంతకన్నా నిజాయితీ గలవి. ‘ప్రథమ ముద్రణ’ అన్న మాట, సంవత్సరం, ‘ప్రతులు: 1000’ అన్న లెక్క, వెల, ముద్రణాలయం పేరు, ఊరు అన్నీ ఒకే పుటలో కనిపిస్తాయి. ఎన్ని ప్రతులు వేశారో స్వయంగా చెప్పుకునే అలవాటు ఇంగ్లీషు ప్రచురణకర్తలకు లేదు.

అయితే ఆ పుట పోయిన పుస్తకాలే ఎక్కువగా చేతికొస్తాయి. అప్పుడు మిగిలిన గుర్తుల మీద ఆధారపడాలి. వెనుక అట్ట మీద ‘రు. 2-8-0’ అని రూపాయలు, అణాలు, పైల లెక్క ఉంటే ఆ పుస్తకం సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. ఎందుకంటే ఆ నెల నుంచే దశాంశ నాణేలు చెలామణిలోకి వచ్చాయి. ‘2-50 న.పై.’ అని ఉంటే అది 1957-64 మధ్యది కావచ్చు, 1964లో నయాపైసకు ‘నయా’ తీసేశారు. పాత వెల మీద చిన్న కాగితం ముక్క అంటించి కొత్త వెల ముద్రించి ఉంటే, అచ్చయిన ఏడు వేరు, అమ్ముడుపోయిన ఏడు వేరు. ఆ కాగితాన్ని పీకకూడదు, దాని కింద ఉన్నదాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చదవవచ్చు. ప్రచురణకర్త చిరునామాలో ఆరు అంకెల పిన్‌కోడ్ ఉంటే అట్ట 1972 ఆగస్టు తరువాతిది.

గ్రంథాలయ ముద్రలు మరో తేదీ చెబుతాయి. శ్రీకాకుళం పట్టణం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం జిల్లాలో ఉండేది, ఆపైన విశాఖపట్నం జిల్లాలో చేరి, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979 జూన్‌లో వచ్చింది. ‘విజయనగరం, విశాఖపట్నం జిల్లా’ అని నీలి సిరాతో పడిన గుండ్రటి ముద్ర ఉన్న పుస్తకం 1979కి ముందే ఆ గ్రంథాలయంలో చేరిందని చెప్పవచ్చు, పాత రబ్బరు ముద్రలనే కొన్నాళ్లు వాడుకునే అలవాటును మాత్రం కొంచెం దృష్టిలో పెట్టుకోవాలి. శ్రీకాకుళానికి ‘చికకోల్’ అన్న పాత ఇంగ్లీషు పేరు ఉంటే మరింత పాతది. ఇలాంటి ముద్రలను మరకలుగా భావించి రబ్బరుతో రుద్దేసే సేకర్తలు ఉన్నారు. అది పుస్తకం ఒళ్లు శుభ్రం చేసి దాని ఆనవాళ్లు చెరిపేయడమే.

వారపత్రికల సీరియళ్లు ఈ లెక్కల్లో ప్రత్యేకం. తెలుగులో అనువాద నవలలు కూడా చాలావరకు ముందు పత్రికల్లో విడతలుగా వచ్చి, తరువాత పుస్తకమయ్యాయి. ఆ విడతల పుటలను జాగ్రత్తగా కత్తిరించి, వరుసగా పేర్చి, ఇంట్లోనే సూదీ దారంతో కుట్టి, కాలికో గుడ్డ అంటించిన గట్టి అట్ట వేయించుకున్న సంపుటాలు ఈ రెండు జిల్లాల్లోని పాత ఇళ్లలో కనిపిస్తాయి. పుస్తకంగా వచ్చినప్పుడు తీసేసిన భాగాలు వాటిలో ఉండవచ్చు, చిత్రకారుడి బొమ్మలు తప్పకుండా ఉంటాయి. నిక్కచ్చిగా చూస్తే నవల తొలిసారి అచ్చయిన రూపం ఇదే. ఇంటి పెద్దావిడ పెన్సిల్‌తో పైన రాసుకున్న తేదీ, విడత సంఖ్య ఆ సంపుటంలో అత్యంత విలువైన సమాచారం. అయినా పాత కాగితాల కొట్టుకు తూకం వేసేటప్పుడు మొదట పోయేవి ఇవే, ఎందుకంటే వాటికి ముఖపత్రం లేదు, పేరున్న పుస్తకంలా కనిపించవు. పాత సామాను కొనేవారితో పరిచయం పెంచుకుని, ఇలాంటి కుట్టు సంపుటాలు కనిపిస్తే పక్కన పెట్టమని చెప్పిపెట్టుకోవడం, హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల కోసం తిరగడం కన్నా మంచి ఫలితం ఇస్తుంది.

పుస్తకాల స్థితి గురించి కొన్ని మాటలు చెప్పాలి. గ్రంథాలయాలు మెత్తటి అట్టల పుస్తకాన్ని గట్టి బైండింగు చేయించినప్పుడు అసలు అట్టను పారేస్తారు, అంచులు సమంగా ఉండాలని మూడు వైపులా కోయిస్తారు. దాంతో ముఖచిత్రమూ, దాని చిత్రకారుడి పేరూ, వెనుక అట్ట మీది వెలా పోతాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో కాగితపు జాకెట్ పోతే ధరలో సింహభాగం పోతుంది. తెలుగు పుస్తకాల్లో ధర కన్నా చరిత్ర పోతుంది. అందుకే బైండింగు బాగున్న ప్రతి కన్నా, చెదిరిపోతున్నా అసలు అట్టతో ఉన్న ప్రతినే ఎంచుకోవాలి. ఇది మొదట్లో మింగుడుపడని సలహా, కానీ రెండో ఆలోచన అక్కర్లేనిది.

శ్రీకాకుళం తీరంలో పుస్తకానికి అసలు శత్రువు తేమ. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఈ జిల్లాలను దెబ్బతీసినప్పుడు ఇళ్లలోకి నీరు చేరని చోట కూడా గాలిలోని తేమ వల్ల అల్మారాల్లో పుస్తకాలకు బూజు పట్టడం సహజం. బూజు పట్టిన పుస్తకాన్ని ఎండలో పెట్టడం చాలామంది చేసే పని. ఎండకు కాగితం పెళుసెక్కుతుంది, అట్ట రంగు వెలుస్తుంది. నీడలో, ఫ్యాను గాలికి, పుటలు విడివిడిగా ఆరేలా నిలబెట్టడం మేలు. 1950ల, 60ల తెలుగు పుస్తకాల కాగితంలో ఆమ్లం ఎక్కువ. అది తనంతట తాను పసుపెక్కి, మడిచినచోట విరుగుతుంది. మధ్యలో కొట్టిన ఇనుప పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. ఆ పిన్నులను నెమ్మదిగా తీసి నూలు దారంతో కుట్టించవచ్చు. చిరిగిన పుటకు సెల్లో టేపు ఎప్పుడూ వేయకూడదు, కొన్నేళ్లకు దాని జిగురు గోధుమరంగు మరకై అక్షరాలను మింగేస్తుంది. రామబాణాలు, చెదలు పట్టిన పుస్తకాన్ని వెంటనే మిగిలిన వాటి నుంచి వేరుచేయాలి. పురుగు చావడానికి ప్రతిని పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, బాగా చల్లని డీప్ ఫ్రీజరులో రెండు మూడు వారాలు ఉంచి, తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వడం గ్రంథాలయాలు పాటించే పద్ధతి. కలరా ఉండల వాసన పుస్తకానికీ మనిషికీ మంచిది కాదు.

స్కాన్ ప్రతులు ఉండగా ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేల తెలుగు పుస్తకాలు చదవడానికి అందాయి, అది మామూలు మేలు కాదు. కానీ వాటిలో చాలా ప్రతులు గ్రంథాలయ బైండింగు పుస్తకాల నుంచి తీసినవి. అట్టలు లేవు, ముఖపత్రం వెనుక పుట మసకగా ఉంటుంది లేదా దాటేసి ఉంటుంది, పుటలు తప్పిన చోట్లూ ఉన్నాయి. పాఠం చదవడానికి స్కాన్ చాలు. ఏ ముద్రణ అన్నది నిర్ధారించడానికి కాగితం ఉండాలి.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరిలో ప్రారంభించిన కథానిలయం ఈ పనికి ఒక నమూనా ఇచ్చింది. తెలుగు కథ అచ్చయిన పత్రికలనూ సంపుటాలనూ ఒకచోట చేర్చి, ఏ కథ ఎప్పుడు ఎక్కడ వచ్చిందో నమోదు చేయడం ఆయన తన జీవితంలో చివరి పావు శతాబ్దం పాటు పెట్టుకున్న పని. అక్కడ ముఖ్యం కథ, అందువల్ల అనువాద నవలలకు అలాంటి నమోదు సేకర్తలే చేసుకోవాలి. ప్రతి పుస్తకానికి ఒక పుట కేటాయించిన నోటుబుక్కు చాలు. నవల మూలభాష పేరు, మూలం అచ్చయిన సంవత్సరం, తెలుగు అనువాదకుని పేరు, ఏ భాష మీదుగా వచ్చింది, ముద్రణ, ప్రతుల సంఖ్య, వెల రాసిన తీరు, ముద్రణాలయం, అట్ట ఉందా లేదా, గ్రంథాలయ ముద్రలోని పాఠం, పుస్తకం ఏ ఊర్లో ఏ సంవత్సరం చేతికొచ్చింది అన్నవి పెన్సిల్‌తో కాక సిరాతో రాసుకోవాలి. పుస్తకం మీద రాయవలసి వస్తే మాత్రం పెన్సిలే వాడాలి. ఆ నోటుబుక్కు ఫోటోలు తీసి ఇంకొకరి దగ్గర కూడా ఉంచితే, తుపానులో అల్మారా పోయినా ఏవి ఉండేవో తెలుస్తుంది. సేకరణ తరువాతి తరం చేతికి వెళ్లినప్పుడు కూడా, ఏది తూకానికి వేయకూడదో ఆ పట్టికే చెబుతుంది.